జర్మన్ క్లాసుకు కొత్తగా వచ్చిన పిల్లల్ని ఏ బ్యాచ్‌ల కూర్చోబెట్టాలె: ప్లేస్‌మెంట్ టెస్ట్ తయారు చేసుడు, సరిచూసుకునుడు

నేను నల్లగొండల నర్సింగ్ పిల్లలకు జర్మన్ చెప్త. కొత్తగా చేరేటోళ్లు అందరూ సున్నా నుంచి రారు. ఒకామె హైదరాబాద్‌ల మూడు నెలలు నేర్చుకుని హాస్టల్ ఖర్చు మోయలేక ఇంటికొచ్చి ఉంటది, ఒకామె యూట్యూబ్ చూసుకుంట ఏ1 (అంటే మొదటి మెట్టు) పుస్తకం అంతా తనే చదివి ఉంటది, ఇంకొకామె దగ్గర ఏ2 (అంటే రెండో మెట్టు) సర్టిఫికెట్ ఉంటది కానీ ఏడాదిన్నర నుంచి డ్యూటీలల్ల పడి పుస్తకం ముట్టలే. వీళ్లందర్నీ ఒకే గాటన కడితే ఎద్దును లేగదూడను ఒకే కాడికి కట్టినట్టే, ఒకరు గుంజుతుంటరు, ఒకరు ఈడ్చుకుంట పోతుంటరు, నెల తిరగకముందే ఇద్దరూ మానేస్తరు. అందుకే చేరే రోజే చిన్న పరీక్ష పెట్టి ఎవరు ఏ బ్యాచో చూసుకోవాలె. మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, సూర్యాపేట దిక్కు జర్మన్ గానీ జపనీస్ గానీ చెప్పే సార్లు, మేడంలు చాలామంది నన్ను ఆ పేపర్ పంపుమని అడుగుతరు. పేపర్ పంపితే లాభం లేదు, ఎందుకంటే నా పేపర్ నా బ్యాచ్‌లకు సరిపోతది, మీవాటికి కాదు. ఎట్ల తయారు చేసుకోవాలె, చేసినంక అది సరిగ్గ పనిచేస్తుందా లేదా ఎట్ల చూడాలె అన్నది చెప్త.

ముందు నేను చేసిన తప్పు చెప్త, ఎందుకంటే మిగిలినదంతా దాని నుంచే నేర్చుకున్న. దేవరకొండ దిక్కు తండా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నా పేపర్ల 40కి 11 వచ్చినయి, నేను ఇంకేం ఆలోచించకుండ సున్నా బ్యాచ్‌ల కూర్చోబెట్టిన. నాలుగో రోజు క్లాసుల అందరూ తమ పేరు, ఊరు చెప్పుకుంటున్నరు. ఆమె కండ్లు ఎర్రగ ఉన్నయి, ఏమైందమ్మా అని జర్మన్‌లనే అడిగిన, అర్థమైతదని అనుకోలే, ఊరికే అడిగిన. ఆమె టక్కున "ఇష్ హాబె గెస్టెర్న్ నాఖ్ట్‌డీన్‌స్ట్ గెహాబ్ట్" అన్నది. నిన్న నైట్ డ్యూటీ ఉండె అని, భూతకాలంల, క్రియ సరిగ్గ చివర్ల పెట్టి. సున్నా బ్యాచ్ పిల్ల అట్ల చెప్పలేదు. సాయంత్రం ఆమె పేపర్ తీసి ముందట పెట్టుకుని అడిగిన. "మేడం, అండర్‌లైన్ చేసిన నౌన్‌కు ఆర్టికల్ సెలెక్ట్ చేయమన్నరు, నౌన్ అంటే ఏందో యాదికి రాలే, దాస్ క్రాంకెన్‌హౌస్ (దవాఖాన) అని మాత్రం తెలుసు" అన్నది. పదో తరగతి దాక తెలుగు మీడియం, ఇంట్ల లంబాడీ. నేను కొలిచింది ఆమె జర్మన్ కాదు, ఆమె ఇంగ్లీష్. పేపర్ల సగం ప్రశ్నలు ఇంగ్లీష్ వాక్యం ఇచ్చి జర్మన్‌లకు మార్చమనేటియే ఉండె. ఆమెను మీది బ్యాచ్‌కు మార్చేసరికి అక్కడ రెండు పాఠాలు దాటిపోయినయి, అవి అందుకోవడానికి ఆమె పొద్దున ఆరింటికే వచ్చి కూర్చునేది.

అందుకే మొదటి పని పేపర్ రాసుడు కాదు. ఈ పరీక్షతోని ఏం తేల్చాలె అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. నా దగ్గర మూడు బ్యాచ్‌లు ఉన్నయి: సున్నా నుంచి మొదలయ్యేది, ఏ1 సగం నుంచి నడిచేది, ఏ2. అంటే నేను తేల్చాల్సింది రెండే గీతలు. ఆ పిల్లకు ఏ1 వచ్చిందా అని సర్టిఫికెట్ ఇచ్చుడు నా పని కాదు, దానికి గోథె ఇన్‌స్టిట్యూట్ పరీక్షలు ఉన్నయి. ఏ1 నుంచి సీ2 దాక ఆరు మెట్లు యూరప్ కౌన్సిల్ 2001ల పుస్తకంగ తెచ్చిన లెక్క, ఏ మెట్టు మీద మనిషి ఆ భాషల ఏం చేయగలుగుతడో అండ్ల రాసి ఉంటది. జర్మనీల నర్సుగ గుర్తింపు కావాలంటే మామూలుగ బీ2 అడుగుతరు కాబట్టి మన పిల్లలకు ఆ మెట్లు నోటికి వచ్చి ఉంటయి. కానీ రెండో బ్యాచ్‌ల మొదటి రోజు కూర్చునే పిల్లకు ఏం వచ్చి ఉండాలె అన్నది ఆ పుస్తకం చెప్పదు, మీ సిలబస్ చెప్తది. మీ పాఠాల వరుస ముందట పెట్టుకుని ప్రతి గీత దగ్గర, ఇది రాకుంటే ఈ బ్యాచ్‌ల మునిగిపోతది అనే సంగతులు ఏడెనిమిది రాయండి. నాకు ఏ1 సగం గీత దగ్గర వచ్చినవి ఏమంటే టైం చెప్పుడు, వంద దాక అంకెలు విని రాసుడు, దేర్ దీ దాస్ (పేర్లకు ముందు పెట్టే ఆర్టికల్స్) తేడా, ముందు ముక్క విడిపోయి వాక్యం చివరికి పోయే క్రియలు, నా కుటుంబం గురించి నాలుగు వాక్యాలు. ఈ కాగితమే మీ పేపర్‌కు పునాది, ప్రతి ప్రశ్న అండ్లకెల్లి దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలె.

ఇగ ప్రశ్నలు. 40 ప్రశ్నలు, ముప్పావు గంట, దాని మీద ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు మాటలు, ఇంతకు మించితే పిల్లలు అలిసిపోతరు, దిద్దే మనకు కూడ ఓపిక ఉండది. చివరికి 40 మిగలాలంటే 60 దాక రాసుకోండి, ఎందుకో కింద తెలుస్తది. సూచనలు తెలుగుల రాయండి, ఉర్దూ పిల్లలు ఉంటే ఉర్దూల కూడ, నారాయణపేట, మక్తల్ దిక్కు వాళ్లైతే కన్నడ చదివిన పిల్లలు కూడ వస్తరు. నౌన్, వెర్బ్, పర్ఫెక్ట్ టెన్స్ అనే మాటలు అసలు వాడకండి, వాటి బదులు ఒక ప్రశ్న మీరే చేసి చూపియండి, చాలు.

మంచి ప్రశ్న ఎట్లుంటదో ఒకటి దగ్గరగ చూద్దాం. "దేర్ కుర్స్ బెగిన్ట్ ఉమ్ హాల్ప్ డ్రై" అని వినిపించి క్లాసు ఎన్ని గంటలకు అని అడుగుత, కింద 2:30, 3:30, 3:00 ఇస్త. హాల్ప్ డ్రై అంటే రెండున్నర, మూడుకు ఇంకా సగం ఉన్నదని జర్మన్ల లెక్క. డ్రై అంటే మూడు అని మాత్రమే తెలిసిన పిల్ల, ఇంగ్లీష్ హాఫ్ పాస్ట్ మతిల పెట్టుకుని 3:30 పెడ్తది. హాల్ప్ వినపడనే వినపడని పిల్ల 3:00 పెడ్తది. పాఠం నిజంగ చదివిన పిల్ల 2:30 పెడ్తది. చూడండి, తప్పు జవాబులు రెండూ ఊరికే పెట్టినవి కావు, ఒక్కో తప్పు వెనక ఒక్కో తీరు పిల్ల ఉన్నది. ఇంకొకటి అంకెలు. జర్మన్‌ల 65ను ఐదూ-అరవై అన్నట్టు ఒకట్ల స్థానం ముందు పలుకుతరు, ఫ్యూన్ఫ్‌ఉంట్‌జెష్‌ట్సిష్. అది వినిపించి 65, 56, 55, 75 పెడ్తే 56 పెట్టే పిల్లలు ఎంతమంది ఉంటరో చూడండి. రేపు వార్డుల పల్స్ ఎంత అని చెప్తే రాసుకోవాల్సిన పిల్లలు వీళ్లు, అందుకే ఈ ప్రశ్న నేను ఎప్పుడూ తీసెయ్య.

ఇగ చెడ్డ ప్రశ్న. నా మొదటి పేపర్ల స్టేషన్ల టికెట్ మిషన్ బొమ్మ పెట్టి ముందు ఏం నొక్కాలె అని అడిగిన. అసుంటి మిషన్ ఎప్పుడూ చూడని పిల్లకు జర్మన్ వచ్చినా జవాబు రాదు. జర్మనీల ఆదివారం దుకాణాలు మూసి ఉంటయి అన్న సంగతి తెలిస్తేనే జవాబు దొరికే ప్రశ్న కూడ అసుంటిదే. భాష తెలిస్తే చాలు జవాబు రావాలె, అక్కడి బతుకు తెలిసి ఉండాల్సిన పనిలేదు. బస్‌స్టాండ్, హాస్టల్, దవాఖాన, అంగడి, ఇవి చాలు, ఇవి అందరికీ తెలిసినవే.

రాత కోసం నాకు బాగ కుదిరింది సీ-టెస్ట్. రాట్స్, క్లైన్-బ్రేలి అని ఇద్దరు 1981ల తెచ్చిన పద్ధతి ఇది. చిన్న పేరా తీసుకోవాలె, మొదటి వాక్యం ముట్టొద్దు, రెండో వాక్యం నుంచి ఒక మాట విడిచి ఒక మాటకు వెనక సగం చెరిపెయ్యాలె, బేసి అక్షరాలుంటే ఒకటి ఎక్కువ చెరపాలె. పిల్ల ఆ సగాలు నింపాలె. వ్యాకరణం, మాటలు, చదివి అర్థం చేసుకునుడు అన్నీ కలిసి పనిచేస్తేనే అది నిండుతది, ఊహించి నింపుడు కష్టం, దిద్దుడు మాత్రం అల్కగ అయితది. జర్మన్‌కు ఆన్‌సెట్ అనే ఆన్‌లైన్ ప్లేస్‌మెంట్ పరీక్ష మొత్తం దీని మీదనే నడుస్తది, 8 పేరాలు, ఒక్కో దాంట్ల 20 ఖాళీలు. కొత్త పిల్లలకు అంత వద్దు, రెండు పేరాలు చాలు. ఒకటి మాత్రం యాది పెట్టుకోండి, సున్నా పిల్లకు సీ-టెస్ట్ ఇస్తే భయపడి పోతది, ఇది సులువు ప్రశ్నలు అయినంక చివర్ల పెట్టండి, నీకు వచ్చినంత వరకే నింపమ్మా అని తెలుగుల రాసి పెట్టండి.

పేపర్ తయారైనంక అసలు పని మొదలైతది. చాలామంది ఇక్కడే ఆగిపోతరు. కొత్త పిల్లల మీద పెట్టకముందు, ఇప్పటికే మీ దగ్గర చదువుతున్న పిల్లలకు ఇవ్వండి, అన్ని బ్యాచ్‌లు కలిపి 40 మంది దొరికితే బాగుంటది, తక్కువైతే పక్క ఊరి సార్‌ను అడిగి వాళ్ల పిల్లలకు కూడ ఇయ్యమనండి. అంతకంటే ముందు ఇద్దరు ముగ్గురిని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ జవాబు ఎందుకు పెట్టినవమ్మా అని ప్రశ్న ప్రశ్నకూ నోటితో చెప్పించండి. ఈ ఒక్క పని నేను ముందే చేసి ఉంటే ఆ తండా అమ్మాయికి రెండు పాఠాలు పోయేవి కాదు.

తర్వాత లెక్క. 40 పేపర్లను మార్కుల వరుసల పేర్చండి. మీది 11 మంది, కింది 11 మంది, అంటే అటు 27 శాతం, ఇటు 27 శాతం, తీసి పక్కన పెట్టండి. ఒక్కో ప్రశ్నకు మీది వాళ్లల్ల ఎంతమంది సరిగ్గ పెట్టిన్రు, కింది వాళ్లల్ల ఎంతమంది పెట్టిన్రు అని రాయండి. మీద 9, కింద 3 అనుకోండి, తేడా 6, దాన్ని 11తో భాగిస్తే 0.55. ఇది మంచి ప్రశ్న, వచ్చినోళ్లను రానోళ్లను విడదీస్తుంది. 0.40 దాటితే ధైర్యంగ ఉంచుకోండి, 0.20 కంటే తక్కువైతే తీసెయ్యండి లేకుంటే తిరగరాయండి. మీద 4, కింద 6 వచ్చిందనుకోండి, అంటే తెలిసిన పిల్లలే తప్పు పెడ్తున్నరు. అసుంటప్పుడు పిల్లల్ని అనకముందు మీ కీ, అంటే సరైన జవాబుల పట్టీ, చూసుకోండి, చాలాసార్లు కీల్నే తప్పుంటది, లేకుంటే రెండు జవాబులు సరైనవి ఉంటయి. అట్లనే అందరూ సరిగ్గ పెట్టిన ప్రశ్న, అందరూ తప్పు పెట్టిన ప్రశ్న బ్యాచ్ తేల్చడానికి పనికిరావు, పిల్లల భయం పోగొట్టడానికి మొదట్ల రెండు సులువువి మాత్రం ఉంచుకోవచ్చు. 60 రాసుకోమన్నది ఇందుకే.

ఈ లెక్కల నాకు తెలిసిన ముచ్చట ఒకటి చెప్త. జర్మన్‌ల వైల్ అనే మాట వస్తే క్రియ వాక్యం చివరికి పోతది, "వైల్ ఇష్ క్రాంక్ బిన్", అంటే నాకు పానం బాగలేనందుకు అన్నట్టు. నేను చెప్పే వరుసల ఇది ఏ2ల వస్తది, కష్టం ప్రశ్న అని మీది గీతకు పెట్టిన. మా పిల్లలు మాత్రం కింది బ్యాచ్ వాళ్లు కూడ సగానికి సగం సరిగ్గ పెట్టిన్రు, ఎందుకంటే తెలుగుల మన క్రియ మామూలుగ చివర్లనే ఉంటది కదా, వాళ్లకు అది సహజంగ తోస్తది. దేర్ దీ దాస్ మాత్రం ఏ2 పిల్లలకు కూడ తిప్పలే. పుస్తకం వరుస మన పిల్లల వరుస ఒకటి కాదన్నమాట. అందుకే ఎక్కడిదో పేపర్ దించుకుని వాడొద్దు అని గట్టిగ చెప్తున్న.

ఇప్పుడు నమ్మకం లెక్క. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల వడ్లు పోసినోళ్లకు ఇది ఒక్క మాటల అర్థమైతది. తేమ 17 శాతం దాటొద్దు అంటరు. మిషన్ల ఒక పిడికెడు వేస్తే 16.8 చూపిస్తది, అదే కుప్పల ఇంకో దిక్కు నుంచి తీసి వేస్తే 17.3 చూపిస్తది. కుప్ప మారలే, కొలత ఊగింది. పరీక్ష మార్కు కూడ అట్లనే ఊగుతది, ఎంత ఊగుతదో తెలుసుకోకుండ గీత గీస్తే అన్యాయం అయితది. కూడర్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు 1937ల ఇచ్చిన కేఆర్-20 అనే లెక్క ఉన్నది, ఎక్సెల్‌ల పది నిమిషాల పని. ప్రతి ప్రశ్నకు సరిగ్గ పెట్టినోళ్ల వంతును తప్పు పెట్టినోళ్ల వంతుతో గుణించి అన్నీ కూడండి. మొత్తం మార్కుల వేరియన్స్, అంటే మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నయో చెప్పే లెక్క, తీయండి. కూడింది 7.2, వేరియన్స్ 36 అనుకుంటే, 7.2ను 36తో భాగిస్తే 0.2, ఒకట్ల నుంచి తీసేస్తే 0.8, ప్రశ్నలు 40 కాబట్టి దాన్ని 40/39తో గుణిస్తే 0.82. ఇసుంటి పరీక్షకు 0.8 దాటితే పర్వాలేదు. ఇప్పుడు ఊగుడు ఎంత అంటే, 36కు వర్గమూలం 6, ఒకట్ల నుంచి 0.82 తీసేస్తే 0.18, దాని వర్గమూలం 0.42, ఆరుతో గుణిస్తే రెండున్నర. అంటే 23 వచ్చిన పిల్ల నిజంగ 21 పిల్ల కావచ్చు, 25 పిల్ల కూడ కావచ్చు. గీత 23 దగ్గర ఉంటే 21 నుంచి 25 మధ్యల వచ్చినోళ్లను మార్కు చూసి పంపొద్దు, పిలిచి ఇంకో ఐదు నిమిషాలు మాట్లాడి తేల్చండి.

మరి ఆ 23 ఎక్కడి నుంచి వచ్చింది? సగం మార్కులు అని, 60 శాతం అని నోటికొచ్చింది పెట్టొద్దు. ఇద్దరు ముగ్గురు టీచర్లు కూర్చోండి. రెండో బ్యాచ్‌ల అంతంత మాత్రంగ, అయినా నెట్టుకొచ్చే పిల్లను మనసుల పెట్టుకోండి, అసుంటి పిల్లలు పదిమంది ఉంటే ఈ ప్రశ్న ఎంతమంది సరిగ్గ పెడ్తరు అని ఎవరికి వాళ్లు రాయండి, తేడా ఎక్కువ ఉన్నకాడ మాట్లాడుకుని మళ్లీ రాయండి. అన్ని ప్రశ్నలకు వచ్చినవి కూడి పదితో భాగిస్తే, టీచర్లవి సగటు తీస్తే అదే మీ గీత. దీన్ని ఆంగాఫ్ పద్ధతి అంటరు, 1971 నుంచి ఉన్నది. తర్వాత దాన్ని పిల్లల మార్కులతో సరిచూడండి: మొదటి బ్యాచ్‌ల ఉండాల్సినోళ్లు అని మీకు పక్కా తెలిసిన పిల్లల మార్కులు ఒక వరుస, రెండో బ్యాచ్‌ల బాగ నడుస్తున్నోళ్ల మార్కులు ఒక వరుస రాస్తే, రెండూ ఎక్కడ కలుస్తున్నయో అక్కడ ఇంకో గీత దొరుకుతది. రెండు గీతలు దగ్గర దగ్గర ఉంటే నిమ్మళం. దూరం ఉంటే టీచర్ల అంచనా ఎక్కడ తప్పిందో కూర్చుని చూసుకోవాలె.

మాట్లాడే పరీక్షకు ఇద్దరు వినాలె. ఒక్కరే ఉంటే ఫోన్ల రికార్డ్ చేసి ఇంకో ఊరి మేడంకు పంపండి, పిల్లను అడిగి, ఒప్పుకుంటేనే. ఇద్దరూ ఒకరి మార్కు ఒకరు చూడకుండ బ్యాచ్ రాయాలె. ఎన్నిసార్లు కలిసింది లెక్కపెట్టండి, కానీ మూడు బ్యాచ్‌లల్ల ఒకటి ఎన్నుకునే కాడ గుడ్డిగ రాసినా కొన్ని కలుస్తయి, ఆ గుడ్డి వాటా తీసేసి చెప్పే లెక్కను కప్పా అంటరు, 1960ల కోహెన్ ఇచ్చిండు. నాకు మొదట్ల కలవకపోవడానికి కారణం ఉచ్చారణ. బాగ పలికే పిల్లకు నేను ఎక్కువ వేస్తుంటి, ఆమెకు వాక్యం రాకున్నా. ఇప్పుడు ఉచ్చారణకు వేరే గడి పెట్టిన, బ్యాచ్ తేల్చేటప్పుడు ఆ గడి లెక్కల కలపను.

క్లాసులు మొదలై రెండు వారాలు అయినంక, పరీక్ష మార్కులు చూపించకుండ, ప్రతి టీచర్‌ను అడగండి: ఈ పిల్ల సరైన బ్యాచ్‌ల ఉన్నదా, కింద ఉండాల్నా, మీద ఉండాల్నా? అదే ప్రశ్న పిల్లను కూడ విడిగ అడగండి, మన పిల్లలు మేడం ముందు నోరు తెరవరు కాబట్టి కాగితం మీద టిక్ పెట్టమనండి. తప్పు బ్యాచ్ అని తేలినోళ్లను ఆ రోజే మార్చండి, ఆలోచించుకుందాం అని వారం ఆపొద్దు. మార్చినోళ్ల పేపర్లు మాత్రం పారెయ్యొద్దు, వేరే ఫైల్ల పెట్టండి, మీ పరీక్ష ఎక్కడ ఓడిపోయిందో అవే చెప్తయి. ఆ ఫైల్ తీసి తెలుగు మీడియం పిల్లలే ఎక్కువ ఉన్నరా, తండా పిల్లలే ఎక్కువ ఉన్నరా, ఇంటి దగ్గర చదువుకుని వచ్చినోళ్లే ఎక్కువ ఉన్నరా చూడండి. క్లాసుల సరిసమానంగ నడిచే రెండు గుంపుల పిల్లలల్ల ఒక గుంపు వాళ్లే ఒకే ప్రశ్న దగ్గర మళ్లీ మళ్లీ తప్పుతుంటే, ఆ ప్రశ్న జర్మన్ కాకుండ ఇంకేదో అడుగుతున్నది. నేను ఇట్ల చూసి ఇప్పటిదాక ఏడు ప్రశ్నలు తీసేసిన.

తల్లిదండ్రులకు ఫలితం చెప్పేటప్పుడు మార్కు చెప్పను, బ్యాచ్ చెప్త. 40కి 11 అని చెప్తే ఇంట్ల ఫెయిల్ అయిందనుకుంటరు, పెండ్లి చేసేద్దాం అనే మాట కూడ ఒకసారి నా ముందటే వచ్చింది. మీ అమ్మాయి ఈ పాఠం నుంచి మొదలుపెడ్తది, ఇన్ని నెలలకు ఇక్కడికి చేరుతది అని చెప్పండి.

ఇగ చివరిది, పేపర్ బయటికి పోవుడు. రెండు బ్యాచ్‌లు కాంగనే ఎవరో ఒకరి వాట్సాప్‌ల ఫోటో ఉంటది. అందుకే రెండు పేపర్లు తయారు పెట్టుకుని మార్చి మార్చి వాడండి, రెండిట్ల పది ప్రశ్నలు ఒకటే ఉంచండి. కొత్త గుంపు ఆ పదిట్ల పాత గుంపు లెక్కనే చేసి, మిగిలిన 30ల మాత్రం తక్కువ తెచ్చుకుంటే, పిల్లల్ల తేడా లేదు, కొత్త పేపరే కష్టంగ ఉన్నదని తెలుస్తది, అప్పుడు దాని గీత కిందికి దించాలె. ఆ పది ప్రశ్నల పేపర్ మాత్రం పిల్లల చేతికి ఇంటికి ఇవ్వొద్దు, రాసినంక లెక్కపెట్టి తీసుకోండి. ఏడాదికోసారి వేసవి సెలవుల్ల పాత పేపర్లు అన్నీ ముందటేసుకుని ప్రతి ప్రశ్నకు ఆ 11-11 లెక్క మళ్లీ చేస్త. హాల్ప్ డ్రై ప్రశ్న మూడేండ్ల నుంచి నిలబడే ఉన్నది.